నిరీక్షణ గృహపు రిజిస్టరులో ఒక కొట్టివేత

పాత రికార్డుల కార్యాలయంలో ముప్పై నాలుగు సంవత్సరాలుగా నకళ్లు వ్రాస్తున్న గుమాస్తాగారిని అక్కడ అందరూ మక్కీగారు అనే పిలిచేవారు. మక్కికి మక్కి దించడంలో ఆయనను మించినవారు లేరన్నది అందుకు కారణం. కలం పట్టుకుని ఉండగా ఎవరు పలకరించినా, చేతిలో ఉన్న వాక్యం పూర్తయితే గాని ఆయన తల ఎత్తేవారు కారు. పైఅధికారి వచ్చి బల్ల ముందు నిలబడినా అంతే. వాక్యం పొడుగైనదైతే ఆ అధికారి నిలబడి నిలబడి, కిటికీలోంచి వీధిని చూసి, మళ్లీ వస్తానని వెళ్లిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఆ కార్యాలయపు పని ఇది. నూరేళ్లు దాటిన రిజిస్టర్లకు చీడ పట్టి, కాగితం జల్లెడ అవుతూ ఉంటుంది. వాటిలోని వ్రాతను కొత్త రిజిస్టర్లలోకి ఎత్తి వ్రాయాలి. వ్రాసినదాన్ని మూలంతో సరిచూసి, వ్రాసినవారూ సరిచూసినవారూ పేజీ అడుగున సంతకాలు చేసిన పిమ్మట, చీడ పక్క పుస్తకాలకు అంటకుండా మూలాన్ని కార్యాలయం వెనుక ఉన్న ఇటుకల పొయ్యిలో తగులబెడతారు. కాల్చే రోజు శుక్రవారం. శనివారం నుంచి లోకానికి మిగిలేది మక్కీగారి దస్తూరీ ఒక్కటే.

అంతటి బాధ్యత నెత్తిన ఉన్నందువల్ల ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. వ్రాసేటప్పుడు చదవరు. మాట తరువాత మాటను గింజ తరువాత గింజలాగా ఏరి పక్కన పెట్టడమే గాని, ఆ మాటలన్నీ కలిసి ఏమి చెబుతున్నాయో పట్టించుకోరు. అర్థం తెలిసిపోతే చెయ్యి కంటికంటె ముందు పరుగెత్తుతుందనీ, ఉన్నది గాక ఉండవలసినది వ్రాస్తుందనీ ఆయన నమ్మకం. పేజీలో తప్పు దొర్లితే చెరపడానికి వీలు లేదు. పుటలకు అంకెలు వేసి కుట్టిన పుస్తకం గనుక చింపి తిరగ వ్రాయడానికీ వీలు లేదు. తప్పు మీద ఒక్క గీత గీసి, పైన సరైన మాట వ్రాసి, ఇద్దరూ పొడి సంతకాలు పెట్టి, పేజీ అడుగున కొట్టివేతలెన్నో లెక్క వేయాలి. మక్కీగారి పేజీల అడుగున ముప్పై నాలుగేళ్లుగా ఒకే మాట ఉండేది: కొట్టివేతలు లేవు.

సరిచూసే పని చేసే ఆవిడ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆమెను మక్కీగారు చెల్లెమ్మా అని పిలిచేవారు. ఆమె తన పని ముగిశాక ప్రతి రిజిస్టరునూ సొంత సరదా కోసం మొదటి నుంచి చివరిదాకా చదివేది. చదివి ఊరుకునే రకం కాదు.

"అన్నయ్యగారూ, నిన్న మీరు దించిన కాగితాల్లో ఏముందో తెలుసా? గోడ కూలి ఒకడు పోయాడట. ఆ గోడ మీద కేసు పెట్టారు. నలభై కొరడా దెబ్బలు. కొట్టినవాడికి అరచేతులు బొబ్బలెక్కి, నాలుగు రోజులు సెలవడిగాడు."

మక్కీగారు వాక్యం ముగించి, కలం దింపి అడిగారు. "ఇచ్చారా?"

"రాసింది మీరు. నన్నడుగుతారేం?"

ఇంకొకనాడు, పూడ్చిపెట్టి ఏడాదైన మనిషిని తవ్వి తీసి, కుర్చీలో కూర్చోబెట్టి, మూడు రోజులు విచారణ జరిపిన సంగతి చెప్పింది. అడిగినదానికి బదులు చెప్పకపోవడం నేరం ఒప్పుకోవడమేనని తీర్పు వచ్చిందట. మరొకనాడు, అంటువ్యాధి రోజుల్లో పోయినవారి జుట్టు కత్తిరించి, అనాథ పిల్లల పరుపుల్లో కూరమని ఇచ్చిన ఉత్తర్వు గురించి చెప్పింది. ఆ రోజు మాత్రం ఆమె నవ్వలేదు. మక్కీగారు ఆ ఉత్తర్వును అంతకు ముందు వారమే ముత్యాల్లాంటి అక్షరాలతో వ్రాసి ఉన్నారు.

ఇటువంటి మనిషి బల్ల మీదికి ఒక సోమవారం నాడు నిరీక్షణ గృహపు రిజిస్టరు వచ్చింది.

నిరీక్షణ గృహం అంటే ఏమిటో ఆ పట్టణంలో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఆ అంటువ్యాధి కాలంలో పోయినవారిని పోయినట్టే హడావుడిగా పూడ్చిపెట్టారు. తరువాత కొన్నాళ్లకు శ్మశానంలో కాలువ తవ్వుతుండగా ఒక పెట్టె బయటపడి, దాని మూత లోపలి వైపున గోళ్ల గీతలు కనిపించాయి. ఊరు ఊరంతా గడగడలాడింది. అప్పుడు పురపాలకవర్గం వారు ఒక పొడవాటి ఇల్లు కట్టించారు. పోయినవారిని మూడు రోజులు అక్కడ పడుకోబెట్టేవారు. కుళ్లు మొదలైతే గాని చావు ఖాయం కాదని వైద్యులు తేల్చినందువల్ల గదిని వెచ్చగా ఉంచేవారు. ప్రతి దేహపు వేలికీ ఒక దారం, ఆ దారం చివర పక్కగదిలో గంట, ఆ గంట కింద కాపలాదారు. గంట మోగితే వెంటనే వెళ్లి చూడాలి, చూసినది వ్రాయాలి. వెచ్చదనానికి దేహాలు ఉబ్బి దారాన్ని లాగుతుంటాయి గనుక గంటలు మోగుతూనే ఉండేవి. నలభై ఏళ్లలో ఒక్కరు కూడా లేచి కూర్చోలేదు.

ఆ ఇంట్లో తొమ్మిదేళ్లు పగటి కాపలా కాసినవాడు మక్కీగారి భార్యకు ముత్తాత.

ఆమె పుట్టింట్లో ఆయనను గంట తాత అనేవారు. ఒక్క గంటనూ విని ఊరుకోని మనిషి అని ఆ వంశంలో చెప్పుకోని రోజు లేదు. పిల్లలు పిలిస్తే పలకకపోతే, "గంట తాత ఇంట్లో పుట్టి, రెండోసారి పిలిపించుకుంటావా?" అని తిట్టేవారు. మక్కీగారి భార్య ఆ తిట్టు విని పెరిగింది. అత్తగారు మంచాన పడిన ఏడేళ్లూ, గ్లాసు మీద చెంచా చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో ఏ పనున్నా వదిలి లేచి వెళ్లేది. తింటున్న కంచం ముందు నుంచి లేచేది. ఒకసారి వియ్యాలవారు కూర్చుని ఉండగా వాళ్ల మాట మధ్యలో లేచి వెళ్లింది. మక్కీగారు ఒకనాడు ఉండబట్టలేక, "కాస్త ఆగి వెళితే కొంపలు మునుగుతాయా?" అంటే, "మా వంశంలో ఆగడం లేదండీ" అని నవ్వుతూనే చెప్పింది.

ఇప్పుడా నిరీక్షణ గృహానికి రంగులు వేసి, పాతకాలపు వస్తువుల ప్రదర్శనశాలగా తెరవబోతున్నారు. గుమ్మం పక్కన పెట్టే బోర్డును వ్రాసే పని మక్కీగారి బావమరిదికి వచ్చింది. అతని వృత్తే బోర్డులు వ్రాయడం. అన్నీ వ్రాసి, అంకెల చోటు మాత్రం ఖాళీగా ఉంచి కూర్చున్నాడు.

"ఎన్నిసార్లు గంట మోగింది, ఎన్నిసార్లు మా తాత వెళ్లాడు, అంతే కావాలి బావా. రెండూ ఒకటే అంకె అనుకో, కానీ మీ ఆఫీసు ముద్ర పడందే వాళ్లు ఒప్పుకోరు. మరీ నీ నిదానంతో సంవత్సరం పట్టించకు."

అందుచేత ఆ రిజిస్టరు తక్కిన రిజిస్టర్ల వంటిది కాలేకపోయింది. సాయంత్రం ఇంటికి రాగానే భార్య ఉతికిన బట్టలు మడత పెడుతూ, "ఇవాళ్టికి ఎన్నయ్యాయి?" అని అడిగేది. ఆయన చెప్పేవారు. చెప్పాలంటే లెక్క పెట్టాలి, లెక్క పెట్టాలంటే చదవాలి. ముప్పై నాలుగేళ్లలో మొట్టమొదటిసారి మక్కీగారు తాను వ్రాస్తున్నది చదవడం మొదలుపెట్టారు. అందులో చదవడానికి ఏమంత ఉందని? ప్రతి నమోదూ ఒకటే: "గంట మ్రోగెను. వెళ్లి చూచితిని. మార్పు లేదు." వేళా, మంచపు అంకే మాత్రం మారేవి. మధ్యమధ్య, "భోజనము. ఒంటిగంట మొదలు ఒకటిన్నర వరకు." ప్రతి పేజీ అడుగునా తనిఖీదారు పొడి సంతకం. వ్రాస్తూ వ్రాస్తూ ఆయనకు ఆ గంట తాత నడక చెప్పుల చప్పుడుతో సహా వినిపించసాగింది. ఇంట్లో ఆ మాట చెప్పారు కూడా. భార్య మడత పెడుతున్న చొక్కాను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు విన్నది.

పది రోజులకు పని ముగిసింది. మొత్తం గంటలు ఆరువందల పన్నెండు. వెళ్లి చూచినవి ఆరువందల పన్నెండు. బావమరిది ఆ సాయంత్రమే అంకెలు పూరించాడు.

గురువారం నాడు సరిచూడడం. ఆ కార్యాలయంలో సరిచూసే పద్ధతి కొత్తవారికి పిచ్చిపనిలా తోస్తుంది. సరిచూసేవారు మూలాన్ని పేజీ కింది నుంచి పైకి, చివరి మాట నుంచి మొదటి మాటకు, వెనక్కి చదువుతారు. వ్రాసినవారు నకలు మీద వేలు పెట్టి వెనక్కి జరుపుతారు. అలా చదివితే అర్థం అడ్డు రాదు గనుక ఏ మాట జారినా దొరుకుతుంది.

"లేదు. మార్పు. చూచితిని. వెళ్లి. మ్రోగెను. గంట," అని చెల్లెమ్మ చదువుతూ ఉంది. ఆమెకది నిద్రలో కూడా వచ్చేసేటట్టుంది. మక్కీగారి వేలు ఆమె గొంతుతో పాటు నడుస్తూ ఉంది. నాలుగువందల ముప్పై ఒకటవ నమోదు దగ్గర ఆమె, "చేయుచుంటిని" అన్నది.

మక్కీగారి వేలు కింద "లేదు" ఉంది.

"మళ్లీ చదువు, చెల్లెమ్మా."

"చేయుచుంటిని. భోజనము. వెళ్లలేదు. మ్రోగెను. గంట." ఆమె చదవడం ఆపి, ఈసారి మొదటి నుంచి చివరికి కళ్లతో చదువుకున్నది. తరువాత పుస్తకాన్ని ఆయన వైపు తిప్పింది.

మూలంలో ఇలా ఉంది: "పగలు ఒంటిగంట పది నిమిషములు. మూడవ మంచము. గంట మ్రోగెను. వెళ్లలేదు. భోజనము చేయుచుంటిని." దాని కింద: "ఒకటిన్నరకు వెళ్లితిని. స్త్రీ. కుడిచేయి దుప్పటి వెలుపల నున్నది. ఉదయము లోపల నుండెను. శ్వాస లేదు. నాడి లేదు. వైద్యునకు కబురు పంపితిని." ఆ కింద వైద్యుని వ్రాత: "మరణము క్రిందటి దినముననే సంభవించినది. చేయి కదలుట దేహము ఉబ్బుటవలన కావచ్చును." ఆ కింద తనిఖీదారు పొడి సంతకం, అన్ని పేజీలలోనూ ఉన్నట్టే, ఏ వ్యాఖ్యా లేకుండా.

మక్కీగారి నకలులో కింది వరుసలన్నీ సరిగ్గానే దిగాయి, ఒంటిగంట పదికి మాత్రం కాపలాదారు వెళ్లాడు. చూశాడు. మార్పు లేదు. ఆయన కన్ను మొదటి రెండు అక్షరాలను చూసి ఉంటుంది. తక్కినదంతా చేతికి ముందే తెలుసు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. చెల్లెమ్మ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"చూడండి అన్నయ్యగారూ. రేపు శుక్రవారం. ఇది పొయ్యిలోకి పోతుంది. నేను సరిగ్గానే చదివాను, మీరు సరిగ్గానే విన్నారు. మనిద్దరం తప్ప దీన్ని చూసినవాళ్లు లేరు."

"నువ్వేనా ఈ మాట అంటున్నది?"

"నేనే అంటున్నాను. వదినగారిని అత్తగారి మంచం పక్కన చూసినదాన్ని గనుక అంటున్నాను. మీరు కావాలని రాయలేదు. అలా పడింది. పడనివ్వండి."

మక్కీగారు ఆ పేజీ మీద సంతకం చేయకుండా రిజిస్టరు మూసి, సొరుగులో పెట్టి తాళం వేశారు.

ఆయన ఇంటికి వెళ్లేసరికి బావమరిది అక్కడే ఉన్నాడు. బోర్డు ముందుగదిలో గోడకు ఆనించి ఉంది. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు: గంట మ్రోగినది ఆరువందల పన్నెండు మారులు. వెళ్లి చూచినది ఆరువందల పన్నెండు మారులు. మక్కీగారు చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, నీళ్లు కూడా అడగకుండా, జరిగినదంతా పొల్లు పోకుండా చెప్పారు. దాచి ఆలోచించుకోవడానికి ఆయనకు వ్యవధి లేదు. పైగా భార్య దగ్గర దాచడం ఆయనకు చేతకాదు.

బావమరిది ముందుగా తేరుకున్నాడు. "అయితే ఇప్పుడేమంటావు బావా? ఒక్కసారి. ఆరువందల పన్నెండులో ఒక్కసారి. దానికి వందేళ్ల తరువాత ఊరందరి ముందూ ఆయన్ని నిలబెడతావా? నీ ఆఫీసులో గోడలకే కొరడా దెబ్బలు కొట్టారని విన్నాను, ఇప్పుడు మా తాత వంతా?"

"నేను నిలబెట్టడం లేదు. అక్కడ ఉన్నది అది."

"ఉన్నది రేపు తగలబడుతుంది కదా. నీ ముప్పై నాలుగేళ్ల పేరు కూడా చెడదు. కొట్టివేత పడిందంటే సంజాయిషీ అడగరూ? వచ్చే నెల రిటైరయ్యేవాడికి ఎందుకొచ్చిన గొడవ?"

ఈ మాట మక్కీగారికి ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే దారి పొడుగునా ఆయన మనసులో మెదిలినది కూడా అదే.

భార్య మడత పెడుతున్న దుప్పటి చివర్లు రెండూ కలిపి పట్టుకుని అలాగే నిలబడి ఉంది. "ఆవిడ ఎవరో రాశారా?" అని అడిగింది.

"స్త్రీ అని మాత్రమే ఉంది."

"వయసు?"

"లేదు."

ఆమె దుప్పటిని మడత పెట్టి బీరువాలో పెట్టింది. "రేపు నేను మీతో ఆఫీసుకు వస్తాను," అన్నది.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఆ కార్యాలయంలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. చెల్లెమ్మ తన కుర్చీ ఆమెకు ఇచ్చి, తాను కిటికీ దగ్గర నిలబడింది. మక్కీగారు మూలాన్ని తెచ్చి ముందు పెట్టారు. చీడ పట్టిన కాగితం మెత్తగా పొడి రాలుస్తూ ఉంది. ఆమె ఆ నమోదును చదివింది. తరువాత వెనక్కి నాలుగు పేజీలు, ముందుకు పది పేజీలు తిప్పింది. ఆమె చదువు నిదానం. మక్కీగారు పక్కన నిలబడి, భార్య ముఖం వైపు గాక ఆమె వేలి వైపు చూస్తూ ఉన్నారు.

చాలాసేపటికి ఆమె, "ఇక్కడి నుంచి భోజనం లేదండీ," అన్నది.

"ఏమిటి?"

"ముందు రోజూ ఉంది. ఒంటిగంట మొదలు ఒకటిన్నర వరకు అని. ఆ రోజు తరువాత ఎక్కడా లేదు."

చెల్లెమ్మ వచ్చి వంగి చూసింది. ఇద్దరు ఆడవాళ్లూ కలిసి పేజీలు తిప్పారు. ఆ తరువాతి నాలుగు సంవత్సరాలలో కాపలాదారు ఒక్కనాడు కూడా భోజనమనే మాట వ్రాయలేదు. ఎప్పుడు తిన్నాడో, తిన్నాడో లేదో, రిజిస్టరుకు తెలియదు. గంటలు మాత్రం మోగుతూనే ఉన్నాయి, అతడు వెళుతూనే ఉన్నాడు.

"ఆ రోజు వెళ్లలేదని ఎవరైనా చూశారా?" అని భార్య అడిగింది.

"చూసినట్టు లేదు," అన్నారు మక్కీగారు. "గదిలో ఒక్కడే. తనిఖీదారు చదవకుండానే సంతకం పెట్టినట్టున్నాడు. చదివి ఉంటే ఏదో ఒకటి రాసేవాడు."

"అంటే వెళ్లాను అని రాసినా ఎవరికీ తెలిసేది కాదు."

"తెలిసేది కాదు."

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఆయన రాయని అబద్ధం మీ చెయ్యి రాసిందన్నమాట," అన్నది. తప్పు పట్టినట్టు అనలేదు. చీర మీద మరక చూపించినట్టు అన్నది.

మక్కీగారు తల వంచుకున్నారు.

"నాకు కోపం లేదనుకోకండి. ఉంది. మీ మీద కాదు. అత్తయ్యగారికి నేను చేసినందుకు కాదు. అది నేను చేయవలసిందే. కానీ వెళ్లకపోవడమనేది ఒకటుంటుందని మా ఇంట్లో నాకెవరూ చెప్పలేదు. ఒక్కసారి ముద్ద మింగి వెళ్లినా మనిషిని మనిషే అంటారని చెప్పలేదు. ఆయన పాపం చెబుతూనే ఉన్నాడు, ఈ పుస్తకంలో. మేం వినలేదు." ఆమె రిజిస్టరును ఆయన వైపు జరిపింది. "కొట్టేయండి."

"బోర్డు మార్చాలి. మీ తమ్ముడు..."

"వాడి సంగతి నాకు వదిలేయండి. వాడు నాకంటె చిన్నవాడు."

మక్కీగారు కూర్చుని, నకలును సొరుగులోంచి తీసి, రూళ్లకర్ర ఆనించి, నాలుగువందల ముప్పై ఒకటవ నమోదులోని తన మాటల మీద ఒకే ఒక గీత గీశారు. గీత వంకర పోలేదు. పైన మూలంలోని మాటలు వ్రాశారు. పక్కన పొడి సంతకం పెట్టి, కలం చెల్లెమ్మకు ఇచ్చారు. ఆమె తన సంతకం పెట్టింది. పేజీ అడుగున ఆయన "కొట్టివేతలు: ఒకటి" అని వ్రాసి, నోటితో గాలి ఊది ఆరబెట్టారు. ఆ మధ్యాహ్నం మూలం తక్కిన పుస్తకాలతో కలిసి పొయ్యిలోకి పోయింది. భార్య అది కాలేదాకా వెనుక గుమ్మంలో నిలబడి ఉంది.

అనుకున్నట్టే సంజాయిషీ అడిగారు. ఇన్నేళ్లుగా ఇతరుల ఉత్తరాలు ఎత్తి వ్రాసినవారే గాని సొంతంగా ఉత్తరం వ్రాయవలసిన అవసరం మక్కీగారికి ఎన్నడూ రాలేదు. రెండు చిత్తుప్రతులు వ్రాసి చింపివేశారు. చివరికి పంపినది ఇది: "పై రిజిస్టరు వ్రాసిన కాపలాదారును గురించి నాకు ముందుగానే సర్వమూ తెలియునని తలంచితిని. అందువలన అతడు వ్రాసినదానిని గాక నాకు తెలిసినదానిని వ్రాసితిని. తప్పు నాదే. మూలము నందు తప్పు లేదు." అధికారి దాన్ని రెండుసార్లు చదివి ఫైలులో పెట్టించారు.

బావమరిది నాలుగు రోజులు ముఖం చూపించలేదు. ఐదవ రోజున వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "అక్కా, అంకెలు తీసేసి ఉత్త మాటలే పెడతాను. విశ్వాసపాత్రుడైన కాపలాదారు అని. బాగుంటుంది," అన్నాడు.

"లోపలికి రా. తింటున్నాను," అని అక్క వంటింట్లోంచి అన్నది. అతడు లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆమె తినడం ముగించి, చేయి కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు చెప్పింది. "అంకెలు ఉండాలి. రెండూ ఉండాలి. పన్నెండూ, పదకొండూ."

"జనం ఆ ఒక్కటీ ఏమైందని అడుగుతారు."

"అడగనీ. మీ బావ రాసిన పేజీ ఆ గదిలోనే అద్దాల పెట్టెలో ఉంటుంది. చదువుకుంటారు."

"గీత కొట్టి ఉన్న పేజీయా? అదేం అందం?"

"అందం సంగతి బోర్డులు రాసేవాడివి, నువ్వు చూసుకో."

అతడు బోర్డును చంకన పెట్టుకుని సణుగుతూ వెళ్లాడు. రెండు ఆరువందల పన్నెండులలో రెండవదాన్ని నల్లరంగుతో కప్పి, దాని మీద ఆరువందల పదకొండు అని వ్రాశాడు. ప్రదర్శనశాల తెరిచిన రోజున మక్కీగారు భార్యతో కలిసి వెళ్లారు. అద్దాల పెట్టె ముందు పదిమంది నిలబడి ఉన్నారు. వారిలో ఒక ముసలాయన ఆ పేజీని పైకి చదివి పక్కవారికి వినిపిస్తున్నాడు, కొట్టివేసిన మాటలూ పైన వ్రాసినవీ రెండూ, గీత కింద ఉన్నదాన్ని కూడా వదలకుండా. భార్య మూడవ మంచం ఉండే చోటు ఏదని అక్కడి మనిషిని అడిగి తెలుసుకుని, ఒంటరిగా అటు వెళ్లింది. మక్కీగారు ఆ ముసలాయన చదవడం ముగించేదాకా కదలకుండా నిలబడి విన్నారు.